అట్టపెట్టె కంప్యూటరు



కిందటి నెల వచ్చిన ఉత్తరాలలో ఒకదాన్ని నా బల్ల మీద విడిగా పెట్టుకున్నాను. రాసింది ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి. "మాస్టారూ! పెద్దయిన తరువాత నేను వెబ్ సైట్లు తయారుచేసే ఉద్యోగం చేయాలనుకుంటున్నాను. మా ఇంట్లో కంప్యూటరు లేదు. నాన్నగారి ఫోను మటుకు రాత్రి పూట అరగంట ఇస్తారు. మా తరగతిలో కొందరికి ఊహ తెలిసిన నాటి నుంచీ కంప్యూటర్లు ఉన్నాయి. నేను వాళ్ల కంటే వెనకబడిపోయినట్టేనా?" అని అడిగింది.

ఈ ప్రశ్నకు ఔననో, కాదనో ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు. అసలు ఈ వెబ్ అనేదాన్ని మొట్టమొదట తయారుచేసిన మనిషి చిన్నతనంలో ఎటువంటి కంప్యూటరుతో ఆడుకున్నాడో చెబుతాను. విని మీరే తేల్చుకోండి.

ఆయన పేరు టిమ్ బర్నర్స్ లీ. 1955 జూన్ 8న లండను నగరంలో పుట్టాడు. నలుగురు పిల్లలలో పెద్దవాడు. తండ్రి పేరు కాన్వే, తల్లి పేరు మేరీ. వీళ్లిద్దరూ గణితం చదివినవాళ్లు. ఇద్దరూ ఫెరాంటీ అనే కంపెనీలో పనిచేశారు. అక్కడే ఒకరికొకరు పరిచయమై, 1954లో పెళ్లి చేసుకున్నారు.

ఆ కంపెనీ తయారుచేసిన కంప్యూటరు పేరు ఫెరాంటీ మార్క్ 1. అమ్మకానికి వచ్చిన మొదటి కంప్యూటర్లలో అది ఒకటి. మొదటి యంత్రాన్ని 1951 ఫిబ్రవరిలో మాంచెస్టరు విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. కంప్యూటరు అనగానే మీకు ఒళ్లో పెట్టుకునే పలకలాంటి వస్తువు గుర్తు వస్తుంది. అది అలా ఉండేది కాదు. గది నిండా ఇనప బీరువాలు నిలబెట్టినట్టు ఉండేది. మీ తాతగారి పాత రేడియోలో వెలుగుతూ వేడెక్కే గాజు వాల్వులు ఉండేవే, అటువంటివి అందులో సుమారు 4,000 ఉండేవి. దాన్ని ఎలా వాడాలో చెప్పే మొదటి పుస్తకం రాసినవాడు అలన్ ట్యూరింగ్ అనే గొప్ప గణిత శాస్త్రవేత్త.

టిమ్ తల్లి మేరీ గారి గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. యుద్ధకాలంలో ఆమె రాడార్ల మీద పనిచేసింది. ఆ తరువాత ఆస్ట్రేలియా వెళ్లి, అక్కడి మౌంట్ స్ట్రామ్లో వేధశాలలో నక్షత్రాల లెక్కలు కట్టింది. 1951లో ఫెరాంటీలో చేరి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నది. ప్రోగ్రాము అంటే ఏమీ లేదు, యంత్రం ఏ పని తరువాత ఏ పని చేయాలో వరుసగా రాసిన ఆజ్ఞల పట్టిక. అక్కడ అదే పని చేసే ఆడవాళ్లకు మగవాళ్ల కంటే తక్కువ జీతం ఇస్తున్నారని తెలిసింది. ఆమె ఊరుకోలేదు. తోటి ఆడవాళ్ల తరపున పై అధికారుల దగ్గరికి వెళ్లి వాదించి, సమాన జీతం సాధించింది. పిల్లలు పుట్టిన తరువాత ఇంటి దగ్గరే కూర్చుని ప్రోగ్రాములు రాసేది. ఇల్లు కదలకుండా కంప్యూటరు ఉద్యోగం చేయడం నిన్న మొన్నటి వింత అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

అంతమాత్రాన వాళ్ల ఇంట్లో కంప్యూటరు ఉన్నదనుకునేరు! గది నిండే యంత్రాన్ని ఇంటికి ఎవరు తెస్తారు? ఆఫీసులో వాడి పారేసిన కాగితపు టేపులు మాత్రం ఇంటికి వచ్చేవి.

ఈ టేపు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ రోజులలో కంప్యూటరుకు మీటలు నొక్కి విషయం చెప్పేవారు కాదు. బొటనవేలంత వెడల్పు ఉన్న పొడుగాటి కాగితపు చుట్ట మీద కన్నాలు పొడిచి, దాన్ని యంత్రంలో పెట్టేవారు. టేపుకు అడ్డంగా ఒక వరుసలో అయిదు చోట్లు ఉంటాయి. ఒక్కొక్క చోట కన్నం ఉండవచ్చు, లేకపోవచ్చు. ఒక చోటుకు రెండు విధాలు. రెండు చోట్లకు నాలుగు విధాలు. మూడింటికి ఎనిమిది. ఇలా రెట్టింపు చేస్తూ పోతే అయిదు చోట్లకు 32 విధాలు వస్తాయి. ఇంగ్లీషు అక్షరాలు 26 కనుక సరిపోయి, ఇంకా ఆరు మిగిలాయి. మన అక్షరమాల అయితే ఈ టేపులో పట్టేది కాదు. అచ్చులూ హల్లులూ దాటక ముందే చోటు అయిపోయేది, ఇక గుణింతాల మాట చెప్పనే అక్కరలేదు!

ఈ అయిదు కన్నాల టేపులూ, సామాను వచ్చిన అట్టపెట్టెలూ, ఇవే టిమ్ మొదటి కంప్యూటరు. పెట్టె కంప్యూటరు, టేపు దానికి మేత. లోపల ఏమీ లేదు. కాని ఆ కుర్రవాడికి ఒక సంగతి ఆటలోనే అబ్బింది. అక్షరాన్ని కన్నాలుగా మార్చి లోపలికి పంపవచ్చు, బయటికి వచ్చిన కన్నాలను మళ్లీ అక్షరాలుగా చదువుకోవచ్చు. కంప్యూటరు అంటే మాయలమరాఠీ పెట్టె కాదు, మనిషి చెప్పింది చెప్పినట్టు చేసే నమ్మకమైన పనివాడు. అమ్మ నాన్నలిద్దరూ దానికి పనులు పురమాయించేవాళ్లే కనుక ఆ పిల్లవాడికి దానిపట్ల భయం ఉండడానికి కారణం లేదు. ఆ ఇంట్లో పొద్దున ఫలహారాల బల్ల దగ్గర మైనస్ నాలుగుకు వర్గమూలం ఎంత అన్నటువంటి చిక్కు లెక్కలు వేసుకుని నవ్వుకునేవాళ్లట.

మీరు కూడా ఈ ఆట ఆడి చూడండి. ఒకరు పెద్ద అట్టపెట్టె వెనక కూర్చోవాలి. మిగిలినవాళ్లు కాగితపు ముక్క మీద కన్నాలు పొడిచి లోపలికి తోయాలి. లోపలివాడు కన్నాలను బట్టి కూడికో, తీసివేతో చేసి జవాబును కన్నాలలోనే బయటికి పంపాలి. తనకు తోచింది చేయకూడదు. చెప్పింది మాత్రమే చేయాలి. అయిదు నిమిషాలు ఆడితే, స్పష్టంగా ఆజ్ఞ ఇవ్వడం ఎంత కష్టమో తెలిసివస్తుంది. ప్రోగ్రాములు రాసేవాళ్ల కష్టమంతా అదే.

టిమ్ చదివిన ఇమాన్యుయల్ అనే ఉన్నత పాఠశాల రెండు రైలు దారుల మధ్య ఉండేది. ఇక చెప్పాలా? కుర్రవాడికి రైళ్ల పిచ్చి పట్టింది. ఇంట్లో తన గదిలో ఒక బొమ్మ రైలు దారి వేసుకున్నాడు. ఆ రైళ్లను ఆడించడానికి చిన్న చిన్న విద్యుత్ పరికరాలు చేయసాగాడు. కొంతకాలానికి రైళ్ల కంటే ఆ పరికరాలే అతనికి ముద్దు అయినాయి.

మొదట అతను చేసినది మీరూ చేయగలరు. ఇనప మేకుకు పైన పూత ఉన్న రాగి తీగె చుట్టి, దాని రెండు కొసలూ టార్చిలైటు బ్యాటరీకి తాకిస్తే మేకు అయస్కాంతం అవుతుంది. గుండుసూదులు ఎగిరి వచ్చి అంటుకుంటాయి. తీగె తీసేస్తే రాలిపోతాయి. (ఇది బ్యాటరీతో మాత్రమే చేయాలి సుమా! గోడలో ఉండే కరెంటు జోలికి పోకూడదు. తీగె వేడెక్కుతుంది కనుక రెండు మూడు క్షణాలకే తీసేయండి.) ఆ అయస్కాంతం ఇంకొక ఇనప రేకును లాగి, వేరొక దీపానికి దారి కలపగలదు. అంటే ఒక స్విచ్చి మరొక స్విచ్చిని వేస్తుందన్నమాట. కంప్యూటరు లోపల జరిగే పని అంతా ఇదే. ఒక స్విచ్చి మరొక స్విచ్చిని వేస్తూ పోవడమే.

కాలం కూడా అతనికి కలిసివచ్చింది. మేకులతో ఆట విసుగు పుట్టే వేళకు ట్రాన్సిస్టర్లు చవకగా దొరకసాగాయి. వాటి గుట్టు తెలిసే వేళకు అటువంటివి అనేకం ఒకే ముక్కలో ఇమిడి ఉండే చిప్పులు వచ్చాయి. కళాశాలలో చేరిన తరువాత ఒక కంప్యూటరు మెదడంతా ఒకే చిప్పు మీద ఇమిడినవి బజారులో దొరికాయి. ఆక్స్‌ఫర్డులో క్వీన్స్ కళాశాలలో 1973 నుంచి 1976 దాకా భౌతిక శాస్త్రం చదువుతూ అతను ఒక పాత టెలివిజనును తెర కింద వాడుకుని, మోటరోలా వారి చిప్పు తెచ్చి, తీగెలు మాటువేసి, సొంతంగా ఒక కంప్యూటరు తయారుచేసుకున్నాడు. అట్టపెట్టెలో ఇన్నేళ్లకు నిజంగా ఏదో చేరింది!

ఇక్కడ తల్లిదండ్రులతో ఒక మాట. ఆరేళ్ల పిల్లలకు ప్రోగ్రాములు నేర్పే బడి ఎక్కడ ఉన్నదని నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నేర్పించవద్దని అనను. కాని ఒక రేడియో పాడైతే దాన్ని విప్పనిచ్చే ఇల్లు ఆ బడి కంటే తక్కువది కాదని నా నమ్మకం. నేను సహోపాధ్యాయుడుగా పనిచేసిన ఒక పాఠశాలకు ప్రభుత్వం నాలుగు కంప్యూటర్లు ఇచ్చింది. దుమ్ము పడుతుందని వాటికి గుడ్డలు కప్పి, పాడవుతాయని గదికి తాళం వేసి, తాళంచెవి బీరువాలో భద్రపరిచారు. అయిదేళ్ల తరువాత తీసి చూస్తే దుమ్ము పడలేదు, అవి పనీ చేయలేదు. పిల్లల చేయి తగలని వస్తువు పిల్లలకు చదువు చెప్పదు.

అలాగని ఒక నిజం దాచిపెట్టడం న్యాయం కాదు. టిమ్‌కు కంప్యూటరు లేకపోయినా, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగల తల్లీ తండ్రీ ఇంట్లోనే ఉన్నారు. ఆ అదృష్టం అందరికీ ఉండదు. లేనివాళ్లకు ఆ లోటు తీర్చడానికే ఉపాధ్యాయులు, గ్రంథాలయాలు, మీ చేతిలో ఉన్న ఈ పత్రికలాంటివి ఉన్నాయి.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. టిమ్ ఉన్నత పాఠశాలలో ఉండగా, ఒకనాడు బడి నుంచి ఇంటికి వచ్చేసరికి తండ్రి మెదడును గురించిన పుస్తకాలు ముందు వేసుకుని ఏదో రాసుకుంటున్నాడు. కంపెనీ పెద్ద ఒకాయన ఇవ్వవలసిన ఉపన్యాసం అది. మెదడు సంబంధాలను కలుపుకున్నట్టుగా కంప్యూటరు కూడా కలుపుకోగలదా అన్నది ఆయన ఆలోచన. తండ్రీ కొడుకులు దాన్ని గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ మాట టిమ్ మనసులో నాటుకుపోయింది.

అదేమిటో మీకు ఉదాహరణతో చెబుతాను. నిఘంటువులో మాటలు అకారాది వరుసలో ఉంటాయి. బడి హాజరు పట్టీలో పేర్లు ఒక వరుసలో ఉంటాయి. కాని మీ మెదడు అలా దాచుకోదు. కొత్త ఆవకాయ వాసన తగలగానే అమ్మమ్మ గారి ఊరు గుర్తు వస్తుంది. అక్కణ్ణుంచి ఆ ఊరి చెరువు, చెరువు నుంచి అందులో జారిపడిన మీ బావ, బావ నుంచి వాడు ఇవ్వవలసిన గోళీలు! ఆవకాయకూ గోళీలకూ నిఘంటువులో ఏ సంబంధమూ లేదు. మీ తలలో ఉన్నది. కంప్యూటర్లు మటుకు హాజరు పట్టీలాగే అన్నిటినీ వరుసగా పేర్చి ఉంచేవి.

చదువు ముగిసిన తరువాత టిమ్ ఇంగ్లండులోనే రెండు ఉద్యోగాలు చేశాడు. రెండవ చోట అచ్చు యంత్రాలకు అక్షరాలు కూర్చే ప్రోగ్రాములు రాశాడు. 1980లో ఆరు నెలల పని మీద సెర్న్ అనే సంస్థకు వెళ్లాడు. ఇది స్విట్జర్లాండులో జెనీవా నగరం దగ్గర, ఫ్రాన్సు సరిహద్దు మీద ఉన్నది. పరమాణువు లోపలి కణాలను పరిశోధించే మహా ప్రయోగశాల.

అక్కడ వేలకొద్దీ మనుషులు. ఎన్నో దేశాల నుంచి వచ్చేవాళ్లు, రెండేళ్లు ఉండి పోయేవాళ్లు. ఎవరు ఏ యంత్రం మీద పనిచేస్తున్నారో, ఏ ప్రోగ్రాము ఎవరు రాశారో గుర్తు పెట్టుకోవడం టిమ్‌కు గగనమైపోయింది. తన కోసం ఒక చిన్న ప్రోగ్రాము రాసుకున్నాడు. అందులో మనిషి పేరు ఒక చీటీ, యంత్రం పేరు ఒక చీటీ. ఒక చీటీ నుంచి మరొకదానికి మెదడులో లాగా ముడి వేసి పెట్టవచ్చు. దానికి 'ఎన్‌క్వయిర్' అని పేరు పెట్టాడు. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? అతని చిన్నతనంలో ఇంట్లో ఒక పాత పుస్తకం ఉండేది. అది 1856లో మొదటిసారి అచ్చయింది. బట్టల మీద మరకలు పోగొట్టడం దగ్గర నుంచి డబ్బు దాచుకోవడం దాకా సమస్త విషయాలూ అందులో దొరుకుతాయని పేరు. ఆ పుస్తకం పేరులో మొదటి మాట ఇది. ఆరు నెలలు గడిచాయి. టిమ్ వెళ్లిపోయాడు. ఆ ప్రోగ్రాము ఉన్న డిస్కు తరువాత ఎక్కడో పోయింది. పోనీ, ఆలోచన తలలోనే ఉన్నది గదా!

1984లో టిమ్ మళ్లీ సెర్న్‌కు వచ్చాడు. చిక్కు అలాగే ఉన్నది, ఇంకా ముదిరింది. 1989 మార్చిలో ఒక ప్రతిపాదన రాసి పై అధికారికి ఇచ్చాడు. ఆ అధికారి మైక్ సెండాల్ అట్ట మీద మూడే మాటలు రాశాడు. సంగతి స్పష్టంగా లేదు గాని ఉత్సాహకరంగా ఉన్నదని వాటి భావం. ఇటువంటి అధికారులు అరుదు. అర్థం కానిదాన్ని అవతల పారేయడమే చాలామందికి అలవాటు. ఈయన పారేయలేదు. మరుసటి సంవత్సరం టిమ్‌కు నెక్స్ట్ అనే ఒక కొత్త కంప్యూటరు కొని ఇప్పించాడు. దాని మీద 1990 చివరి మూడు నెలలలో టిమ్ వెబ్‌ను తయారుచేశాడు.

ఇంటర్నెట్టూ వెబ్బూ ఒకటే అని కొందరు అనుకుంటారు. కాదు. ఇంటర్నెట్టు అంటే రైలు పట్టాలు. అది వెబ్ కంటే ముందే ఉన్నది. ఆ పట్టాల మీద నడిచే ఒక రైలు వెబ్. ఈమెయిలు మరొక రైలు. వెబ్ అంటే ఇంగ్లీషులో సాలెగూడు. ప్రపంచమంతా అల్లుకునే సాలెగూడు అని టిమ్ దానికి పేరు పెట్టాడు.

ఈ రైలు నడవడానికి ఆయన మూడు ఏర్పాట్లు చేశాడు. మొదటిది, పేజీ రాసే పద్ధతి. మీ పత్రికకు నేను పంపే వ్యాసంలో సంపాదకులు పెన్సిలుతో గుర్తులు పెడతారు. ఇది శీర్షిక, పెద్ద అక్షరాలు వేయి. ఇక్కడ కొత్త పేరా. ఇక్కడ బొమ్మ. హెచ్‌టిఎమ్‌ఎల్ అనేది అటువంటి గుర్తుల భాషే. ఆ గుర్తులను చూసి పేజీని తెర మీద పరిచి చూపేది బ్రౌజరు. రెండవది చిరునామా. ఉత్తరానికి ఇంటి నంబరు, ఊరు ఉన్నట్టే ప్రతి పేజీకీ ఒక చిరునామా, యుఆర్‌ఎల్. మూడవది మర్యాద. ఒక కంప్యూటరు ఇంకొకదాన్ని పేజీ ఎలా అడగాలి, అది ఎలా జవాబు చెప్పాలి అన్న నియమం, హెచ్‌టిటిపి. ఇవాళ వెబ్ డెవలపరు అనే ఉద్యోగం చేసేవాళ్లు ఎన్ని కొత్త భాషలు నేర్చినా ఈ మూడింటి మీదే ఇల్లు కట్టాలి.

వీటి కంటే గొప్పది ఇంకొకటి ఉన్నది. ముడులు వేసే ప్రోగ్రాములు అంతకు ముందూ ఉన్నాయి. కాని వాటిలో చాలావరకు ముడులన్నీ ఒకేచోట లెక్కగా ఉంచి, అవతలి కొస తెగకుండా చూసేవారు. టిమ్ ఆ కాపలా తీసేశాడు. ఎవరి పేజీకైనా ఎవరైనా ముడి వేయవచ్చు. అనుమతి అడగనక్కరలేదు. అవతలివాడు పేజీ తీసేస్తే ముడి తెగుతుంది, తెగనీ అన్నాడు. ఫోనులో ఎప్పుడైనా '404' అనే అంకె కనిపించి పేజీ రాకపోతే మీకు చిరాకు వేస్తుంది గదా? ఎవరినీ అడగకుండా ముడి వేసుకునే స్వేచ్ఛకు మనం చెల్లించే ధర అది. నాకైతే ఆ బేరం చవకగానే కనిపిస్తుంది.

మొదటి పేజీలు ఆ నెక్స్ట్ కంప్యూటరులోనే ఉండేవి. అప్పటికి ప్రపంచంలో వెబ్ పేజీలు ఇచ్చే యంత్రం అదొక్కటే. ఎవరైనా పొరపాటున కట్టేస్తే ప్రపంచంలోని వెబ్ అంతా ఆగిపోతుంది! అందుకని దాని మీద ఒక కాగితం అంటించి, దీన్ని ఆపవద్దు అని ఎర్ర సిరాతో రాసిపెట్టాడు. ఇంకొక సంగతి. ఆ మొదటి బ్రౌజరులో పేజీ చదవడమే కాదు, రాయవచ్చు కూడా. చదివేవాళ్లందరూ రాసేవాళ్లు కావాలని ఆయన కోరిక. ఇవాళ మనం వేలితో పైకి తోస్తూ చూడడమే తప్ప రాయడం మరిచాము.

ఉత్తరం రాసిన అమ్మాయీ, నీ అరగంటకు పని ఇదుగో. పగలు నోటు పుస్తకంలో మీ ఊరిని గురించి ఒక పేజీ రాయి. శీర్షికకూ, పేరాలకూ గుర్తులు పెట్టు. ఆ గుర్తులు హెచ్‌టిఎమ్‌ఎల్‌లో ఏమిటో మీ బడిలో కంప్యూటరు మాస్టారిని అడుగు. రాత్రి ఆ పేజీని ఫోనులో మామూలు అక్షరాల ఫైలుగా కొట్టి, పేరు చివర చుక్క పెట్టి హెచ్‌టిఎమ్‌ఎల్ అని చేర్చి, బ్రౌజరులో తెరిచి చూడు. తప్పు వస్తే మరునాడు పగలంతా పుస్తకంలో వెతుక్కో. అసలు పని కాగితం మీదే జరుగుతుంది. మీ అమ్మమ్మల కాలంలో మేరీ గారు చేసింది కూడా అదే. కొన్నాళ్లకు నిజమైన కంప్యూటరు కావలసివస్తుంది, అది లేకుండా సాగుతుందని నేను చెప్పడం లేదు. కాని అది వచ్చేనాటికి దానితో ఏం చేయాలో నీకు తెలిసి ఉంటుంది.

ఇప్పుడు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం. 1993 నాటికి వెబ్ పదిమంది నోటా పడింది. అదే సమయంలో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు చేసిన గోఫర్ అనే పద్ధతి ఒకటి ఉండేది. అప్పటికి వెబ్ కంటే దానికే ఆదరణ ఎక్కువ. ఆ సంవత్సరం వసంతంలో, కొందరు వాడకందారుల నుంచి రుసుము పుచ్చుకుంటామని విశ్వవిద్యాలయం వారు ప్రకటించారు. అంతే! దాని మీద పనిచేస్తున్నవాళ్లు, ఎప్పుడు ఎంత అడుగుతారో అని భయపడి జారుకోసాగారు. రుసుము నిజంగా కట్టవలసివచ్చినవాళ్లు కొద్దిమందే కావచ్చు. భయం అందరినీ తరిమింది.

టిమ్ దీన్ని చూశాడు. వెబ్‌ను మీద పడి దోచుకునేవాళ్లు ఎవరూ ఉండరని కాగితం మీద రాసి ఇస్తే గాని జనం నమ్మరని గ్రహించాడు. ఆయనా, ఆయనతో కలిసి పనిచేసిన రాబర్ట్ కయ్యో అనే ఇంజనీరూ సెర్న్ పెద్దల వెంట పడ్డారు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ వారు ఒక పత్రం మీద సంతకం చేశారు. వెబ్ ప్రోగ్రాములను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఎవరికీ ఏమీ చెల్లించనక్కరలేదు అని అందులో ఉన్నది. మరుసటి సంవత్సరం టిమ్ అమెరికా వెళ్లి, వెబ్ నియమాలను అందరూ కూడి నిర్ణయించుకునే సంఘాన్ని స్థాపించాడు. వెబ్ మీద వ్యాపారం చేసి కోట్లు గడించినవాళ్లు తరువాత చాలామంది వచ్చారు. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చినప్పుడు, వెబ్ పేజీ తెరిచినందుకు మనం టిమ్‌కు గాని, సెర్న్‌కు గాని కప్పం కట్టవలసిన అవసరం లేకపోయింది. ఊళ్లో పదిమందీ తోడుకునే బావికి తాళం ఉండదు చూశారా, అలాగన్నమాట.

2012లో లండను ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవంలో ఆయనను ఆటస్థలం మధ్య ఒక నెక్స్ట్ కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. ఆయన ఒక చిన్న వాక్యం కొట్టాడు. అది ప్రేక్షకుల వరుసల మీద దీపాలలో వెలిగింది. ఇది అందరిదీ అని దాని భావం.

అయిదు కన్నాలలో మన అక్షరాలు పట్టవని ముందు చెప్పాను గదా. ఆ లోటు ఎలా తీరిందో చెప్పి ఈ నెలకు సెలవు తీసుకుంటాను. 1991లో యూనికోడు అనే పట్టిక వచ్చింది. అందులో ప్రపంచంలోని లిపులలో అక్షరం అక్షరానికీ ఒక అంకె ఇచ్చారు. మొదటి పట్టికలోనే తెలుగుకు 128 గళ్లు కేటాయించారు. అందులో 'అ' అంకె 3077. 'క' అంకె 3093. 'మ' అంకె 3118. వత్తు పడే చోట పొల్లు గుర్తుకు 3149. కనుక ఫోనులో మీరు 'అమ్మ' అని కొడితే కంప్యూటరుకు చేరేది 3077, 3118, 3149, 3118.

ఇప్పుడు మీకొక పొడుపు. 'క' 3093 నుంచి మొదలుపెట్టి 'న' దాకా మన వర్ణమాల వరుసలోనే ఒక్కొక్క అంకె పెంచుకుంటూ పోండి. 'న' తరువాత ఒక గడి ఖాళీగా వదిలేశారు. అందుచేత 'ప' 3114. అక్కణ్ణుంచి మళ్లీ వరుసే. 'ర' తరువాత బండి ర ఉంటుంది, దాన్ని మరిచిపోకండి. మూడు అక్షరాల మాట ఒకటి ఇస్తున్నాను: 3114, 3122, 3093. ఒకప్పుడు ప్రతి పిల్లవాడి చంకలోనూ ఉండేది. అదేమిటో విప్పి, అట్టపెట్టె కంప్యూటరు ఆడినవాళ్లు ఆ సంగతి కూడా కలిపి, వచ్చే నెల 10వ తేదీ లోపల నాకు రాయండి. జవాబును అక్షరాలలో కాక అంకెలలో రాసినవాళ్ల ఉత్తరాలు ముందు చదువుతాను.